ఏమీ పొయ్యని బిందె

తణుకులో బస్సు దిగి ఆటోలో అజ్జరం వచ్చాను,
ఒళ్ళో పాత తువ్వాలులో చుట్టిన నియోబియం గిన్నె.
పరీక్షలో తప్పింది. పారెయ్యమన్నారు.
సంతకం పెట్టి అడిగి తెచ్చుకున్నాను.

కనకాచారి మామయ్య కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో ఒక్కటిచ్చాడు.
"ఇత్తడి కాదు. రాగీ కాదు. గొంతు బరువుగా ఉంది.
ఏంటే ఇదీ, బిందె పొట్ట ఉంది, అడుగేదీ?"

అడుగుండదు మామయ్యా.
ఇలాంటి పొట్టలు తొమ్మిది వరసగా అతికి
ద్రవ హీలియంలో ముంచుతాం.
భీమవరం రొయ్యల పెట్టెలో ఐసు దాని ముందు కుంపటి.
ఆ చలికి లోహం అడ్డు చెప్పడం మానేస్తుంది.
ఎలక్ట్రాన్లకి పొట్ట పొట్టకీ ఒక తోపు,
లాకు లాకుకీ పడవ లేచినట్టు.

"ఇందులో ఏం పోస్తారు?"
ఏమీ పొయ్యం. ఉన్న గాలి కూడా లాగేస్తాం.
కాసేపు మాట్లాడలేదు.
"అయితే మరీ నున్నగా ఉండాలి.
నీళ్ళయితే ఏ వంకరకైనా సర్దుకుంటాయి."

చూపుడువేలి గోరు లోపల తిప్పాడు
(ఆ గోరు చూస్తే మా క్లీన్‌రూమ్ సూపర్‌వైజరు ఏడ్చేవాడు).
అతుకు మీద ఒకచోట ఆగాడు.
"ఇదిగో. ఆవగింజలో అరవయ్యో వంతు."
మా కెమెరాకి మూడు వారాలు పట్టిన చోటు.
అక్కడే వేడి పుట్టింది,
అక్కణ్ణించే చలంతా విరిగిపోయింది.

తర్వాత అయస్కాంతాల సంగతి చెప్పాను.
ఉత్తరం, దక్షిణం, మళ్ళీ ఉత్తరం.
వాటి నడుమ కుడికీ ఎడమకీ ఊగుతూ
వంగిన చోటల్లా ఎలక్ట్రాన్లు కాస్త వెలుగు రాలుస్తాయి.
మొదట ఎవరి వెలుగు వాళ్ళది, సంత గోల.
పోనుపోను ఆ వెలుగే వాటిని వరసలుగా సర్ది...

"తెలుసులే," అన్నాడు మధ్యలోనే.
"మా నాన్న రోజుల్లో ఈ వీధికి అరవై సుత్తులు.
పొద్దున్న ఎవడి దెబ్బ వాడిది.
ఎండెక్కేసరికి అందరిదీ ఒకటే దెబ్బ.
కాలవ అవతల గేదెలు తలలెత్తేవి.
వెయ్యమని ఎవడూ చెప్పలేదే. చప్పుడే చెప్పేది."

నా థీసిస్‌లో అది నలభై పేజీలు.

"కిలో ఎంత?"
చెప్పాను.
రెండు చేతులతో పట్టుకున్నాడు.

అత్తయ్య పెట్టిన టీ చల్లారిపోయింది.
గిన్నె ఇత్తడి బిందెల మధ్య బోర్లించి ఉంది, బూడిదరంగులో,
కొత్తగా వచ్చిన చుట్టంలా.
వీధిలో ఇప్పుడు సుత్తులు నాలుగే.
అరుగు మీద కూర్చుని వింటున్నాను.
ఇంకా కలవలేదు.