తరుగు గడి

అంబాజీపేటలో ఇరవై ఆరేళ్ళు
కొబ్బరి కాటా పక్కన కూర్చున్నాను.
పచ్చికాయ, కురిడీ, పీచు, చిప్ప
ఏ లారీ ఎన్ని టన్నులో
కింద నేల మూలిగిన తీరుని బట్టి చెప్పగలను.
తడి ఉంటే తరుగు, మట్టి ఉంటే తరుగు,
రైతు మొహం మెత్తగా ఉంటే ఇంకో రెండు కిలోలు.
అన్నీ నా చేతిరాతే.

అందుకే కాబోలు
బోడసకుర్రు రేవుకి పోయి
పెసింగి దానయ్యని ఒక పడవ అడిగాను.
దానయ్యది తాళ్ళరేవు.
ఇల్లరికం వస్తూ బాడిస ఒక్కటే తెచ్చుకున్నాడంటారు.
ఫైబరు పడవలొచ్చాక
మంచం కోళ్ళు చెక్కుతున్నాడు.

"ఏం ఎత్తుతారండి దాంట్లో?"
ఏమీ ఎత్తను.
"వలా?"
కాదు.
"ఇసకా?" గొంతు తగ్గించాడు.
కాదయ్యా, ఆదివారం పూట
ఊరికే ఏట్లో తిరగడానికి.
బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.
"సరదాకా" అన్నాడు,
ఎప్పుడూ కొరికి చూడని పండు పేరులాగా.

మూడోనాడు మేనల్లుడితో కబురు పంపాడు.
బరువు తెలీకుండా పడవ కుదరదట.
ఖాళీ పడవ నీళ్ళ మీద నిలవదట,
ఈనిన మర్నాటి లేగదూడలా గెంతుతుందట.
"మేడంగారు ఎంత తూగుతారో
అడిగి రమ్మన్నాడండి మావయ్య."
చెప్పి, ఆ కుర్రాడు తలెత్తలేదు.

షట్టరు దించే వేళ, హమాలీలు వెళ్ళాక
చెప్పులు విడిచి కాటా ఎక్కాను.
ముల్లు కాసేపు తడబడింది.
యాభై ఎనిమిది.
చిట్టీ మీద రాసి, అలవాటు కొద్దీ
తరుగు గడి దగ్గర పెన్ను ఆగింది.
నాలో తడి ఎంత, మట్టి ఎంత?
గడి అలాగే వదిలేసి
మడిచి పంపించాను.

వానలన్నాళ్ళూ పని సాగింది.
వేప బల్లల మీద తడి గోనెలు కప్పి
కింద మట్టల సెగ పెట్టి
"వంగుతాది, వంగుతాది, ఆయ్, తొందరేటి"
అని చెక్కకో, నాకో
చెబుతూ ఉండేవాడు.
తుమ్మకర్ర వంకులు, రాగి మేకులు,
అతుకుల్లోకి గుగ్గిలం, కొబ్బరి పీచు.
పీచు నేనే తెచ్చాను, రెండు కిలోలని.
ఎక్కువే తూగింది. రాయలేదు.

తెడ్డు చెక్కే ముందు
నా కుడిచెయ్యి తిప్పి తిప్పి చూశాడు.
"ఇక్కడ పెన్ను కాయ కాసిందండి" అని
పిడి మీద అక్కడే చిన్న పల్లం తీశాడు.
ఆఖర్న, పడవ బయటి పక్క
సున్నంతో సన్నటి గీత.
"మీరెక్కితే నీళ్ళు ఇందాకా.
వెంట్రుకంత తేడా వస్తే
బాడిస గోదాట్లో పారేత్తాను."

కార్తీకం, పోటు నిండిన పొద్దున
ఎక్కాను.
అటోసారి ఇటోసారి చూసి సర్దుకుంది.
వైనతేయ వచ్చి గీతని నాకింది, దాటలేదు.
వంతెన మీంచి ఎవడో ఆటో ఆపి కేకేశాడు:
"అద్దరికాండీ?"
తెడ్డు ఎత్తి పట్టుకున్నాను.
కొసనుంచి చుక్కలు రాలుతున్నాయి,
లెక్క పెట్టబోయి మానేశాను.

మూడో వంకు దగ్గర కారింది.
"కొత్త కర్ర, దాహం మీదుంది. తాగనివ్వండి.
ఆగాకే ఇద్దురు మిగతా రెండువేలూ."
వారానికల్లా ఆగిపోయింది.
నేను చెప్పాను, అతను విన్నాడు.

అయినా ఆదివారం ఆదివారం వస్తాడు.
"కారతందేమో చూద్దారండి" అంటూ
లుంగీ ఎగగట్టి ముందు కూర్చుంటాడు,
నలభై ఏళ్ళు పడవలు కట్టి
పని లేకుండా ఒక్కటీ ఎక్కని మనిషి.
గీత నాలుగు వేళ్ళ లోతుకి మునుగుతుంది.
అతనెంత తూగుతాడో నేనడగలేదు,
గీత సంగతి అతనెత్తలేదు.
పాటు తగిలితే ఓడలరేవు వైపు
పడవ దానంతటదే జరుగుతూ ఉంటుంది.
నీళ్ళు తోడే కొబ్బరిచిప్ప
అతని ఒళ్ళో బోర్లా,
పొడిగా.