రెండు కార్డుల పిల్లి

ముందు తూకం.
ఏ పిల్లి వచ్చినా ముందు తూకమే.
మనుషుల నోరు అబద్ధమాడినా ముల్లు ఆడదంటుంది
మా డాక్టర్ మిలియారే.

వాల్పరాయిసోలో ఓ కొండవాలున
రెండు గదుల పశువైద్యశాల మాది.
పైవాళ్ళు నూటపద్నాలుగు మెట్లు దిగి రావాలి,
కిందివాళ్ళు అన్నీ ఎక్కి రావాలి.
పిల్లులకు గోడలున్నాయి.
నాకు పిల్లి వెంట్రుక పడదు,
తుమ్ముతూనే తొమ్మిదేళ్ళుగా తూస్తున్నాను.

మార్చిలో ఓ మంగళవారం
దోన్యా ఎదువీహెస్ వచ్చింది, ఆయాసపడుతూ,
చేపల బుట్టలో పిల్లి, బుట్టమీద అతుకుల గుడ్డ.
పేరు నియెబ్లా, అంటే పొగమంచు.
బరువు ఐదు కిలోల తొమ్మిది వందలు.
అంకె వేస్తుంటే ఆవిడ
నా పెన్ను వంక అనుమానంగా చూసింది.

థర్మామీటర్ పెట్టగానే నియెబ్లా
పరువంతా తోకలోకి లాక్కుంది.
పెదవి ఎత్తితే దవడపళ్ళ మొదట్లో పసుపు గార.
చెవులు శుభ్రం. గుండె చప్పుడు మంచిదే,
గురక ఆపితే ఇంకా బాగా వినిపించేది.
పదేళ్ళు దాటింది కదా అని
ముందుకాలి మీద గోరంత మేర గొరిగి రక్తం తీశాం,
టీకా వేశాం, గోళ్ళు కత్తిరించాం,
మెడ వెనక బియ్యపుగింజంత చిప్ దించాం.

"ఏం పెడతారమ్మా?"
"రోజుకు నలభై గ్రాములు. గుండీలు తూచే త్రాసులో తూచి మరీ."
ఆవిడ గొంతు వణికింది.
"గాలి తిని లావెక్కుతుందా, డాక్టర్?"

గురువారం దోన్ అన్సెల్మో దిగి వచ్చాడు.
కొండ లిఫ్టు ముప్ఫైయేళ్ళు నడిపి మానేసిన మనిషి,
ఇప్పటికీ తలుపు మూసే ముందు గంట కొడుతున్నట్టు చెయ్యి ఆడిస్తాడు.
చెక్కపెట్టెలో పిల్లి. పేరు కపితాన్.
ఐదు కిలోల తొమ్మిది వందల ఇరవై.

నా పెన్ను ఆగింది.
గోళ్ళు అప్పటికే పొట్టి.
ముందుకాలి మీద గోరంత బోడి చోటు.
కపితాన్ నా వంక చూడలేదు,
కిటికీలోంచి నౌకల్ని చూస్తోంది,
ఏ పాపమూ ఎరగనట్టు.

చిప్ వేసే ముందు యంత్రం ఆడించి చూడటం మా పద్ధతి.
కీచుమంది.
తెరమీద: నియెబ్లా.

డాక్టర్ నవ్వు మింగి అడిగింది,
"కపితాన్ పొద్దున్నపూట ఎక్కడుంటాడు?"
"డ్యూటీలో," అన్నాడాయన, తడుముకోకుండా.

పిల్లి ఏడిళ్ళు తిరుగుతుందంటారు,
ఇది రెండిళ్ళతో సరిపెట్టుకుంది.
రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదన్నది
రెండు కాళ్ళవాళ్ళకి చెప్పిన మాట.

కార్డులు పక్కపక్కన పరిచాం.
ఆవిడ పాత డాక్టరు దగ్గర, ఈయన మునిసిపాలిటీ వ్యాను దగ్గర
ఆరేళ్ళు, ఏడాదికి రెండేసి టీకాలు.
రెండు చోట్లా అదే పిల్లి, నోరు విప్పకుండా.
ఆవిడ నలభై గ్రాములు, ఈయన యాభై,
పైన ఆదివారం సార్డీన్ తల.
ఆడో మగో ఇద్దరూ సరిగ్గా చూడనే లేదు.

గోడకటూ ఇటూ ఇళ్ళు వాళ్ళవి.
ఓ వానాకాలం ఈయన గొట్టంలోంచి కారిన నీళ్ళు
ఆవిడ పెళ్ళిగౌను బట్ట తడిపాయట.
ఎవరి పెళ్ళిదో, పన్నెండేళ్ళు మాటల్లేవు.
డాక్టర్ ఇద్దర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టింది.
"ఇరవై మీరు. ఇరవై మీరు. సార్డీన్ బంద్."
"పొద్దుటిది నేనే పెడతా," అన్నారిద్దరూ,
పన్నెండేళ్ళ తర్వాత మొదటి మాట, ఒకరి మీద ఒకరు పడి.

సెప్టెంబరులో మళ్ళీ వచ్చారు.
ఆయన చేతిలో బుట్ట,
పది మెట్లు వెనగ్గా ఆవిడ, చేతిలో కార్డు.
కార్డు ఇప్పుడు ఒక్కటే, ఫోను నంబర్లు రెండు.
పేరు దగ్గర ఇద్దరూ నోరు తెరిచారు.
నేను తుమ్మాను, ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.

త్రాసు మీద పెట్టాం.
ముల్లు అటూ ఇటూ ఊగుతోంది.
గదిలో ఎవరూ ఊపిరి తీయలేదు,
పిల్లి తప్ప.