ఇంటూ మార్కులు

లెక్కల మాస్టారు నా నోటుబుక్కు నిండా
ఎర్ర సిరాతో ఇంటూలు పెట్టేవారు.
ఇప్పుడు నేనే పెట్టుకుంటున్నాను,
రోజుకు రెండొందలు, మూడొందలు,
గుడ్డ మీద, దారంతో.

సరదాకి మొదలెట్టలేదు.
కంటైనర్ లాకులో బొటనవేలు నలిగాక
ఫిజియోథెరపీ గదిలో బ్లెస్సీ అనే అమ్మాయి
రబ్బరు బంతి నొక్కమంది. నొక్కలేదు.
సూది ఇచ్చింది, గళ్ళ గుడ్డ, ఒక చిలక నమూనా.
"కింద నుంచి పైకి లాగండి, పక్క గడిలో దించండి, అంతే."
పోర్టులో ఇరవై ఏడేళ్ళుగా
క్రేనెక్కి నేను చేస్తున్నది అదే.

చిలక ముక్కు వంకర వచ్చింది.
ఎక్కడో రెండు గళ్ళు ఎక్కువ లెక్కపెట్టాను.
నూకరత్నం దాన్ని టీవీ మీద పరిచింది.
వచ్చినవాళ్ళకి "మా ఆయన కుట్టాడు" అని చెప్పదు,
"డెబ్భై రోజులు" అంటుంది.

రెండోది యారాడ కొండ మీది లైట్‌హౌసు.
కొండకి నాలుగు నెలలు,
దీపానికి తొమ్మిది కుట్లు.

మూడోది అటక మీద ఉంది.
పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, పెద్ద కిట్టు.
ముఖాలకని పెట్టెలో లేత గులాబీ దారం ఇచ్చారు.
ఆ రంగు మనిషి మా వీధిలో లేడు.
పట్టుచీర అంచు దాకా కుట్టి
తలలు లేకుండానే చుట్టేశాను.

"ఏటి గురూ, ఎవలికి జాకెట్టు?" అని
క్యాంటీన్లో నవ్వించినవాడు పైడితల్లి.
ఆర్నెల్ల తరవాత బూట్లు విప్పుకునే చోట
ఎవరూ లేకుండా చూసి, ఫోనులో ఫొటో చూపించాడు.
"మా అయ్య బోటు. అమ్మీసినాం.
నంబరుతో సహా కుడతావేటి?"
కుట్టాను. నంబరు నల్లదారంతో రెండు పేటలు వేసి
కొంచెం ఉబ్బెత్తుగా.
చూపు ఆనని ఆ ముసలాయన
దాన్ని వేలితో తడిమి, అంకె అంకె చదివి
"ఏడు వంకరగున్నాది" అన్నాడట.
నిజమే. బోటు మీదా వంకరే.

పైనుంచి చూస్తే యార్డంతా గళ్ళే.
నీలం, తుప్పెరుపు, నీలం, ఆకుపచ్చ,
మధ్యలో ఒక ఖాళీ,
ఎవరో కుడుతూ కుడుతూ టీకి లేచిపోయినట్టు.

ఇప్పుడు చేతిలో ఉన్నది సముద్రం.
నమూనా నాదే. గ్రాఫు కాగితం మీద
పెన్సిలుతో, ఆదివారాలు.
పదకొండు నీలాలు లెక్క తేలాయి,
పూర్ణా మార్కెట్లో పది దొరికాయి.
"798 అయిపోయింది భాయ్, 799 పట్టుకెళ్ళు,
సముద్రమేగా, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు ఖాదర్ వలీ.
రోజూ ఎనిమిది గంటలు
చూస్తున్నవాడు ఎదురుగా నిలబడ్డాడని అతనికి తెలీదు.
తిరిగొచ్చేశాను.

నురగ మాత్రం కుట్టకూడదనుకున్నాను.
తెల్లగుడ్డని తెల్లగానే వదిలేస్తే చాలు,
కెరటం అంచున అదే మెరుస్తుందని.
కానీ మాది వన్‌టౌన్.
పొద్దున్న తుడిచిన అరుగు మీద
మధ్యాహ్నానికి బొగ్గుపొడితో పేరు రాయొచ్చు.
రాత్రిళ్ళు పాలిథిన్ కవర్లో పెట్టినా,
బిస్కెట్ డబ్బాలో దాచినా
రెండేళ్ళకి నురగ బూడిదరంగు తిరిగింది.

నూకరత్నం బకెట్లో సబ్బునీళ్ళు కలిపింది.
గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.
రంగు దిగుతుందని భయం కాదు.
మర్నాడు క్యాబిన్ కిటికీలోంచి
ఓర్ బెర్త్ పక్కన అలని చూశాను.
గుడ్డని గుర్తు తెచ్చుకున్నాను.
మళ్ళీ అలని చూశాను.

ఆ నీళ్ళతో ఆమె మెట్లు కడిగింది.

ఇంకా ఆరు వరసలున్నాయి.
సూదిలో దారం ఎక్కించడానికి
కళ్ళజోడు తీసెయ్యాల్సి వస్తోంది ఈమధ్య.
నిన్న నైట్ షిఫ్టుకి వెళ్తూ
799 కూడా ఒక కట్ట కొన్నాను,
మబ్బు పట్టిన రోజుకి.