ఒంటిచెట్టు

మల్కాపురం క్వార్టర్లో మంచం కింద
నీలం డ్రమ్ము. తడిగోనె చుట్టాను,
ఈ సముద్రపు ఉక్క పడదు దానికి.
గొట్టం చివర నీళ్ల సీసాలో
గుబుక్.
కాసేపాగి మళ్ళీ గుబుక్.

బార్లీ ఉడికిన రాత్రి ఇల్లంతా అంబలి వాసన.
ఒకటే రకం హాప్ పువ్వు, గుప్పెడు వేశాను.
పచ్చి నారింజ తొక్క గిల్లినట్టు.
"ఇంకోటేదైనా కలపకపోయావా," అంది నూకాలు
కిటికీలు తెరుస్తూ.

ఇరవయ్యో రోజు భీమిలి బస్సు దిగాడు
గౌరయ్య మావ. మోకు విప్పేసి ఆరేళ్లు,
అరిచేతుల్లో ఇంకా గరుకు.
గ్లాసు దీపానికెత్తి, నురగ ఊది, తాగి
చాలాసేపు ఏమీ అనలేదు.

"పది చెట్ల కల్లు కలిపీసినోడికి
భయముండదురా.
ఏ చెట్టు పులిసిందో ఎవుడికి తెలుస్తాది?
ఇది ఒంటిచెట్టుది."

బాగుందనలేదు.
గ్లాసు మాత్రం ముందుకి తోశాడు.