సెకనులో పదిహేనో వంతు

ముప్పయ్యొక్క ఏళ్లు ఒకటే మాట అన్నాను
సెర్రెస్ ఆసుపత్రి నేలమాళిగలో, సీసపు అద్దం వెనక నుంచి:
గట్టిగా ఊపిరి పీల్చండి. బిగబట్టండి. కదలకండి.
కదిలినవాళ్లని కసురుకున్నాను కూడా.
మసకబారిన ఫిల్ము చెత్తబుట్టలోకి,
మనిషి మళ్లీ చల్లటి పలక ముందుకి.

ఇప్పుడు జనవరి. కెర్కినీ సరస్సు.
బెలెస్ కొండల వెనక పొద్దు ఇంకా తటపటాయిస్తోంది.
స్తెర్గియోస్ మోటారు ఆపేసి తెడ్డు అందుకున్నాడు.
మోకాళ్ల మీద కంబళి సర్దుకుని
షట్టర్‌ని పదిహేనో వంతుకి దించాను.

"అంత నెమ్మదా?"
నిరుడు ఏథెన్సు నుంచి వచ్చిన కుర్రాళ్లు
రెండువేలో వంతులో కొట్టారట.
రెక్క నుంచి జారే నీటిబొట్టు కూడా
గాజుపూసలా గాల్లో నిలబడిపోయిందట.
నిజమే, ఆ బొమ్మలు చూశాను.
ఈక ఈకా లెక్కపెట్టుకోవచ్చు.
మేకు కొట్టి గోడకి తగిలించిన పక్షులు.

అతను బాల్టీలోంచి ఓ చేప విసిరాడు.
అవతలి రెల్లులోంచి లేచింది గూడబాతు,
మెడ వెనక జుట్టు నిద్ర లేచిన పిల్లాడి జుట్టులా,
గొంతు సంచి కాగుతున్న ఇనుము రంగులో.

పాదాలు పడవ అడుగున పాతుకోవాలి.
నడుం మాత్రం తిరగాలి, విసుర్రాయి పైరాయిలా.
నా కన్ను దాని కంటి మీద, ఆ పాలిపోయిన పసుపు చుక్క మీద.
అదెంత వేగమో నేనూ అంతే వేగం,
ఓ ముక్క ఎక్కువ కాదు, తక్కువ కాదు.
మీట నొక్కాక కూడా ఆగకూడదు, తిరుగుతూనే ఉండాలి,
వెళ్లిపోయే బండి వెంట చూపు సాగనట్టు.
ఊపిరి బిగబట్టకూడదు.
అదొక్కటే నాకింకా రాలేదు.

మొదటి రోజు రెండు వందల పన్నెండు బొమ్మలు.
ఒకదాంట్లో తోక.
ఇంకోదాంట్లో ముక్కు కొస, చాలా ఆకాశం.
పదకొండింటిలో స్తెర్గియోస్ టోపీ.
అన్నీ చెరిపేశాను.

మూడో రోజు అతను దగ్గాడు.
దగ్గి, టోపీ వెనక్కి తోసుకుని,
"మీకు నేను గుర్తులేనులెండి, ఎవ్దోక్సియా గారూ" అన్నాడు.
"తొంభై నాలుగులో. మూడుసార్లు దగ్గాను,
మూడుసార్లూ తిట్టారు."
గుర్తులేదు. ఎన్ని వేల ఛాతీలు చూశానని!
"నాలుగోది వచ్చిందా?"
"వచ్చింది. మచ్చేం లేదన్నారు.
మరి ఆ మొదటి మూడూ ఏం చేశారు?"

చెప్పాను. పాడైన ఫిల్ములన్నీ
ఏడాదికోసారి థెస్సలోనికీ పంపేవాళ్లం,
కరిగిస్తే వెండి వస్తుంది.

"నా దగ్గు అమ్ముకున్నారన్నమాట!"
నవ్వు పొట్టలోంచి వచ్చింది, పడవంతా ఊగింది,
సరిగ్గా అప్పుడే అది మా పక్కనుంచి తక్కువ ఎత్తులో,
నీటికి రెక్క తగిలీ తగలకుండా,
నేనూ నవ్వుతూనే తిరిగాను,
నవ్వుతూ ఎవరైనా ఊపిరి బిగబడతారా.

చిన్న తెరమీద చూశాం, తలలు దగ్గర పెట్టి.
కన్ను ఉంది. చురుగ్గా, మా వంకే.
మిగతాదంతా కదిలిపోయింది:
రెల్లు పడుగులా అడ్డంగా సాగింది,
రెక్క ఎక్కడ మొదలైందో, నీళ్లెక్కడ అయిపోయాయో,
వెండి వెండిలోకి ఒలికిపోయి.
మధ్యలో ఓ వంపు ఉంది,
పక్షిది కాదు. పడవ ఊగినంత మేర.
ఒక నవ్వు పొడవు.

అతను కళ్లు చికిలించాడు.
"మసగ్గా ఉందే" అన్నాడు, పాపం, నాకోసం నొచ్చుకుంటూ.
"మళ్లీ తీస్తారా? ఈసారి కదలకుండా కూర్చుంటాను."

బాల్టీలో ఇంకా నాలుగు చేపలున్నాయి.
వద్దన్నాను.
అలా మాత్రం కూర్చోవద్దన్నాను.