తినని ఉప్పు

పాత కుక్కరుకు విజిల్ లేదు, గాస్కెట్ లేదు.
అడుగున మూడు గుప్పిళ్ళ కల్లుప్పు పరిచి
ఉప్పు మీద గిన్నె బోర్లించి
గిన్నె మీద చిల్లుల పళ్ళెం పెడితే
అదే నా బేకరీ.
గ్రీమ్స్‌పేట సందులో మూడో మిద్దె మీద
ఈ పొద్దు బిస్కెట్లు కాలుస్తా ఉండా.

పోయినేడు మామిడికాయల కాలంలో
గుజ్జు ఫ్యాక్టరీ తడి గచ్చు మీద జారి
మడమ చిట్లింది.
తొమ్మిది దినాలు పెద్దాసుపత్రి,
ముప్పై దినాలు ఇంట్లో మంచం.
అప్పులన్నీ పాల లెక్క నోటుబుక్కులో రాసిపెట్టినా.
డబ్బు అప్పులు ఉగాదికి తీరిపొయ్యె.
వెనక అట్ట లోపలి పక్క రాసుకున్నవి
ఎట్ల కొట్టెయ్యాలో తెలీలా.

ఖాజాబీ: తల దువ్వింది, పదహారు సార్లు.
సెల్వి: నీళ్ళ బిందెలు, మూడు మిద్దెలెక్కి. లెక్క లేదు.
చెంగల్రాయుడు: ఆటో. తిరుగు బాడిగ వద్దన్నాడు.
మందులంగడి గజపతి: నెలాఖరు దాకా నోరు తెరిచి అడగలా.
వార్డు ఆయా దొరసానమ్మ:
ఆమె పేరు పక్కన
ఏం రాయాలన్నా సిగ్గేసి
చుక్క పెట్టి వదిలేసినా.

చీర పెడదామంటే ఒక్కోటి మూడు దినాల కూలి.
స్వీట్లు కొందామంటే
తక్కెట్లో అట్టపెట్టె కూడా స్వీటు ధరకే తూగుతాది.
రాగిపిండి ఇంట్లోదే.
బెల్లం మండీలో విరిగిన అచ్చులు సగం ధరకిచ్చినారు.
పద్దెనిమిది దినాలు మీగడ దాచి చిలికితే
ఇంత వెన్న.
గజపతికి చక్కెర జబ్బు,
ఖాజాబీకి తీపంటే వెగటు,
వాళ్ళకు గోధుమపిండిలో వాము, ఉప్పు, దంచిన మిరియాలు.

గుండ్రంగా కొయ్యను అచ్చు లేదు.
మా పునీత బీరువా కిందనుంచి
నేను తాగి పారేసిన టానిక్ సీసా మూత తెచ్చింది.
సరిగ్గా సరిపొయ్యింది.

మొదటి వాయి మాడింది.
మాడింది మాకు, విరిగింది మాకు,
టీలో ముంచుకుంటే ఏదీ తెలీదు.
రెండో వాయికి మంట తగ్గించి
కుక్కరు మూత మీద చెయ్యి పెట్టి
జొరం చూసినట్ట చూస్తా కూర్చున్నా.

పొట్లాలకు పాత క్యాలెండరు చించినా.
జూన్, జులై, పెద్ద కాగితాలు.
మంచంలో పండుకోని ఒక్కొక్క గడీ కొట్టేసిన దినాలు,
ఇంటూ మార్కులన్నీ లోపలికి మడిచి
బొమ్మ పైకొచ్చేట్టు దారం కట్టినా.

సెల్వి మెట్ల మీదే విప్పి ఒకటి కొరికింది.
చెంగల్రాయుడు ఆటోలో సామి పటం ముందర పెట్టి
దండం పెట్టుకోని తిన్నాడు.
గజపతి అలవాటు కొద్దీ "ఎంతమ్మా?" అని
నాలిక్కరుచుకున్నాడు.
ఖాజాబీ నా తలకాయ పక్క చూసి
"నూనె పెట్టుకోలేదేమే" అని తిట్టింది.

ఆసుపత్రి గేటు కాడ దొరసానమ్మ
నా మొకం ఆనవాలు పట్టలా.
"ఎవురు కావాల?" అన్నాది.
పదకొండో బెడ్డు అని చెప్పినా.
అప్పుడు కిందకు చూసింది.
చీర కుచ్చిళ్ళు రవంత పైకెత్తమని
మడమ చూసింది, మచ్చ చూసింది,
"ఆడికి పోయి రా" అన్నాది.
నీళ్ళ కుళాయి దాకా పోయి వచ్చినా.
"ఊఁ, కుంటు లేదు."
పొట్లం కొంగులో ముడేసుకోని
బకెట్టెత్తుకోని లోపలికి పొయ్యింది.
బాగుందని చెప్పలా. తిన్నదో లేదో తెలీదు.

ఇంటికొచ్చి నోటుబుక్కు తీసినా.
పెన్ను పట్టుకోని కాసేపు చూసి
అట్టే మూసేసినా.

కుక్కరు అడుగున కల్లుప్పు
పొగ రంగుకు తిరిగిండాది.
కూరలోకి పనికిరాదు.
ఎవురి నాలిక్కీ తగల్లా అది,
బిస్కెట్లన్నీ కాలింది దాని వేడికే.
చల్లారినాక డబ్బాకెత్తి
మూత బిగించి పెట్టినా,
మళ్ళా వాయికి.