దయ్యాల చదువు

ఏ పుస్తకం చదవాలంటవా, రాజలింగు?
నీలం అట్టది నవ్వుకోనీకి చదువు.
సోనాపూర్ల రూము ఖాళీ చేసుకుంట
కోరుట్లాయన ఇడిసిపోయిండు.
ఉన్నట్టుండి యాడ చల్లబడితే ఆడ దయ్యం అంటది.
జులైల, నడిజాము ముప్పై ఎనిమిది డిగ్రీలల్ల
చల్లగుంటదంటే దయ్యాన్నైనా
పక్కల పండబెట్టుకోమా!

అట్టలేనిది జర పనికొస్తది.
ఫోన్ల రికార్డు పెట్టి ఒక్క ప్రశ్న అడుగు,
పది లెక్కవెట్టేదాక ఊకో, అంటది.
అడిగిన. "ఎవరన్నా ఉన్నరా?"
ఏసీ గురక.
పై మంచం కిర్రుమన్నది.
మల్ల ఇన్నప్పుడు
నా గొంతుకే నేను జడుసుకున్న.

ఒక్క మాట మీద మాత్రం రెండూ కలుస్తయి:
ముందుగాల పాత కాయితాలు చూడు,
ఈడ ఎవరుంటుండెనో ఎరుక చేసుకో.

మూడో మంచం ఇనుము మీద
మేకుతోటి గీకిన పేరు, పోశెట్టి.
క్యాంపు బాసును బతిమిలాడి
హాజరు బుక్కు తెరిపిచ్చిన.
మార్చి దాక సంతకాలు.
అటెనుక ఎర్రగీత.
"ఖల్లివెల్లి" అన్నడు బాసు, చాయ ఊదుకుంట.

సచ్చిండని లేదు.
ఇంటికి పోయిండని లేదు.
గీత.

దొరికితే ఆ బుక్కు చదువు, రాజలింగు.
అన్నట్టు, నీకిచ్చింది ఆ మంచమే.
దుప్పటి తెచ్చుకున్నవా?